రీజినల్ ఎయిర్‌లైన్‌లో డిస్పాచర్ ఉద్యోగం: పాలమూరు విడిచి పోయే ముందు నేను చూసుకున్నవి

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థ తరఫున లోడ్ కంట్రోల్ పని, అంటే విమానంలో ఎంత బరువు ఎక్కడ పెట్టాలో లెక్కగట్టే పని చేస్తున్నాను. ఇల్లు జడ్చర్ల. ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు నడిపే ఒక రీజినల్ సంస్థ నుంచి ట్రైనీ ఫ్లైట్ డిస్పాచర్‌గా ఆఫర్ వచ్చింది. విమానం ఏ దారిన, ఎంత ఇంధనంతో, ఎంత బరువుతో పోవాలో నేల మీద కూర్చుని తేల్చేవాడే డిస్పాచర్. వాళ్ల ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్, అంటే ఓసీసీ, బెంగళూరులో ఉంది. చేరాలంటే మకాం మార్చాల్సిందే. ఒప్పుకునే ముందు ఏమేం అడిగానో, ఏ కాగితం చూశానో, దేనికి ఎంత విలువ కట్టానో రాస్తున్నాను. మహబూబ్‌నగర్, నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఏవియేషన్‌లోకి వచ్చిన పిల్లలు చాలామంది చెక్-ఇన్ కౌంటర్ దగ్గరో, ర్యాంప్ (విమానాలు నిలిపే చోటు) మీదో ఆగిపోతున్నారు. వాళ్లలో డిస్పాచ్ వైపు చూసేవాళ్లకు ఇది పనికొస్తుంది.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. డిస్పాచర్ ఉద్యోగం ప్రతి ఎయిర్‌పోర్టులో ఉండదు. సంస్థ మొత్తానికి ఓసీసీ ఒక్కటే. అది ఎక్కడ ఉంటే అక్కడే పని. ఇండిగోది, ఎయిర్ ఇండియాది గురుగ్రామ్‌లో ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా ఏటీఆర్‌లు నడిపిన ట్రూజెట్ 2015లో మొదలై 2022లో ఆగిపోయింది. మన దేవరకద్ర ప్రాంతంలోని గుడిబండ దగ్గర ఎయిర్‌పోర్టు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. అది వచ్చినా కౌంటర్ కొలువులు, ర్యాంప్ కొలువులు వస్తాయి గాని డిస్పాచ్ డెస్క్ రాదు. కాబట్టి ఊరు విడవకుండా డిస్పాచర్ అవుదామంటే కుదరదు. ఏ సంస్థలో, ఏ ఊళ్లో, ఏ షరతుల మీద అన్నదే మన చేతిలో ఉంది. ఇది ఒప్పుకున్నాక మిగతా లెక్క తేలికైంది.

ఇక పని విషయం. ఎంపికలో భాగంగా ఒక షిఫ్టు ఓసీసీలో కూర్చోబెట్టారు. అక్కడ చూసినది, లోడ్ కంట్రోల్‌లో ముందే తెలిసినది కలిపి చెబుతాను. విమానం బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు డిస్పాచర్ ఆ సెక్టారును, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సాగే ఆ ట్రిప్పును, తెరుస్తాడు. అరగంటకోసారి వచ్చే వాతావరణ నివేదిక మెటార్, ముందస్తు అంచనా టాఫ్, దారిలో ఉరుములు, మంచు గడ్డకట్టే మేఘాల హెచ్చరికలు, రన్‌వే మూత లాంటి మార్పులు తెలిపే నోటాములు చూస్తాడు. ఆ విమానం మీద ఎంఈఎల్ (ఏ లోపంతో ఎగరొచ్చో చెప్పే జాబితా) కింద బాగుచేయడం వాయిదా వేసిన లోపాలు ఏమున్నాయో చూస్తాడు. యాంటీ-ఐసింగ్‌లో ఏదైనా పనిచేయకపోతే మంచు పట్టే మేఘాల్లోకి పంపకూడదు, అప్పుడు దారీ ఎత్తూ మారతాయి. తర్వాత ఆల్టర్నేట్, అంటే గమ్యంలో దిగలేకపోతే పోవాల్సిన ఎయిర్‌పోర్టు, ఎంచుకుని, ఇంధనం లెక్కగట్టి, ఎంత బరువు ఎత్తగలమో తేల్చి, ఆపరేషనల్ ఫ్లైట్ ప్లాన్ తీసి, ఏటీసీకి (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు) ప్లాన్ ఫైల్ చేసి, పైలట్లకు బ్రీఫింగ్ ఇస్తాడు. విమానం లేచాక దిగేదాకా దాని మీదే కన్ను ఉంచుతాడు.

రీజినల్ సంస్థలో ఈ పని ఎందుకు విలువైనదో ఇంధనం లెక్కతో చెబితే తెలుస్తుంది. గంటా పది నిమిషాల సెక్టారు అనుకుందాం. ఉదాహరణకు గమ్యం చేరడానికి పట్టే ట్రిప్ ఫ్యూయెల్ 850 కిలోలు. అనుకోని ఖర్చుకు ఉంచే కంటింజెన్సీ 5 శాతం అంటే 43 కిలోలు. కాని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నిబంధనల అనెక్స్ 6 ప్రకారం అది గమ్యం మీద 1,500 అడుగుల ఎత్తులో ఐదు నిమిషాలు చక్కర్లు కొట్టడానికి పట్టే ఇంధనం కన్నా తగ్గకూడదు. గంటకు 560 కిలోల చొప్పున ఐదు నిమిషాలకు 47 కిలోలు. ఎక్కువ ఉన్నదే తీసుకోవాలి, అంటే 47. పొట్టి సెక్టార్లలో ఈ ఐదు నిమిషాల నిబంధనే పైకి వస్తుంది. ఇంటర్వ్యూలో దాదాపు తప్పకుండా అడుగుతారు. ఆల్టర్నేట్‌కు 450, చివరిదాకా ముట్టకూడని ఫైనల్ రిజర్వ్ 30 నిమిషాలకు 280, రన్‌వే దాకా నేల మీద కదలడానికి (టాక్సీకి) 20. మొత్తం 1,647 కిలోలు. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే, అసలు అంకెలు ఆ సంస్థ మాన్యువల్‌లోంచే తీసుకోవాలి.

ఇప్పుడు దగ్గరి ఆల్టర్నేట్ మీద ఉరుముల అంచనా వచ్చి, దూరపుది పెట్టాల్సి వచ్చిందనుకోండి. ఇంకో 300 కిలోలు ఎక్కుతాయి. టేకాఫ్ బరువుకు అప్పటికే హద్దు తగిలి ఉంటే ఆ 300 కిలోలను పేలోడ్‌లోంచే, అంటే ప్రయాణికులు, సామానులోంచే తీయాలి. పెద్దవాళ్ల ప్రామాణిక బరువు చేతి సంచితో కలిపి 75 కిలోలు, చెక్-ఇన్ సామాను 15 కిలోలు, కలిపితే మనిషికి 90. అంటే నలుగురు ప్రయాణికులు దిగిపోవాలి. పెద్ద జెట్‌లో నలుగురి సంగతి ఎవరికీ పట్టదు. 70 సీట్ల ఏటీఆర్‌లో నలుగురంటే ఆ ట్రిప్పు లాభం కాస్తా పోతుంది. అందుకని కమర్షియల్ వాళ్లు ఫోన్ చేస్తారు. ఆల్టర్నేట్ మార్చలేరా అని అడుగుతారు. అక్కడ వాతావరణం కనీస ప్రమాణాల పైన ఉందో లేదో, టాఫ్‌లోని టెంపో (కాసేపే ఉండే మార్పు), ప్రాబ్ (జరగొచ్చన్న శాతం) గుంపులను సంస్థ విధానం ఎలా లెక్కించమంటుందో చూపించి, నిలబడి మాట్లాడగలగాలి. ఈ గుణం పుస్తకంతో రాదు, ఇలాంటి డెస్క్ మీదే వస్తుంది.

ఎండ ఇంకో సంగతి. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల దగ్గర గాలి పలచబడి అదే రన్‌వే నుంచి ఎత్తగలిగే బరువు తగ్గుతుంది. రన్‌వే పొట్టిదైతే దెబ్బ రెట్టింపు. లక్షద్వీప్‌లోని అగత్తి రన్‌వే పొడవు సుమారు 1,200 మీటర్లు. సిమ్లాది కూడా దాదాపు అంతే, పైగా అది కొండ మీద. అలాంటి చోట సీట్లు ఖాళీగా వదిలేసి ఎగరడం మామూలే. లోడ్ కంట్రోల్ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: టేకాఫ్, ల్యాండింగ్, జీరో ఫ్యూయెల్ (ఇంధనం కలపని) బరువుల హద్దుల్లో ఏది ముందు అడ్డుపడుతుందో వేళ్ల మీద చెప్పగలం. ఏటీఆర్ 72-600కి గరిష్ఠ టేకాఫ్ బరువు 23,000 కిలోలదాకా, ల్యాండింగ్ 22,350. ట్రిప్ ఫ్యూయెల్ 650 కన్నా తక్కువైతే ల్యాండింగ్ బరువే ముందు అడ్డుపడుతుంది. అలాంటి సెక్టారులో ఇంధనం చౌకగా దొరికే రాష్ట్రంలో ఎక్కువ నింపుకుపోదామన్న ఆలోచన చాలాసార్లు సాగదు.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ పెట్టేది ఎయిర్‌పోర్టు పని వేళలు. ప్రభుత్వ ప్రాంతీయ విమాన పథకం ఉడాన్ కింద తెరిచిన చిన్న ఎయిర్‌పోర్టుల్లో కొన్నింటికి రాత్రి దిగే సౌకర్యం లేదు. సూర్యాస్తమయం లోపల దిగాలి. కొన్నిచోట్ల కంటిచూపుతో దిగే నియమాలే, అంటే కనీసం 5 కిలోమీటర్ల దృశ్యత కావాలి. ఒక ఏటీఆర్ రోజుకు ఆరేడు సెక్టార్లు తిరుగుతుంది. పొద్దున పొగమంచుతో 40 నిమిషాలు పోతే, సాయంత్రం ఆఖరి ట్రిప్పు సూర్యాస్తమయం దాటుతుంది, అదే గంటకు పైలట్ల డ్యూటీ సమయం కూడా అంచుకు చేరుతుంది. ఆ సంగతి మధ్యాహ్నం పన్నెండింటికే పసిగట్టి, ఏ రెండు సెక్టార్లు మారిస్తే రోజు నిలబడుతుందో చెప్పే మనిషే మంచి డిస్పాచర్. పెద్ద సంస్థలో వాతావరణం ఒకరు, ఫ్లైట్ ప్లానింగ్ ఒకరు, లోడ్ ఒకరు, క్రూ ట్రాకింగ్ ఒకరు చూస్తారు. చిన్న సంస్థలో ఇవన్నీ ఒకే బల్ల మీదికి వస్తాయి. ఏడాది పనిచేస్తే చేతికి వచ్చే నేర్పు ఎక్కువ. నేను ఈ ఆఫర్‌ను పక్కన పెట్టకపోవడానికి అసలు కారణం ఇదే.

లోటు కూడా ఉంది. ఏటీఆర్ 25,000 అడుగులు దాటదు. జెట్‌ల ప్రపంచంలోని ఆర్‌వీఎస్ఎం (విమానాల మధ్య ఎత్తు తేడా తగ్గించి నడిపే పద్ధతి) 29,000 అడుగుల పైన మొదలవుతుంది. సముద్రాల మీద రెండు ఇంజిన్ల దూర ప్రయాణ నియమాలు, పెద్ద జెట్ల డ్రిఫ్ట్ డౌన్ (ఇంజిన్ ఆగితే ఎత్తు దిగే) లెక్కలు, క్యాట్ 3 (దట్టమైన పొగమంచులో దిగే) ల్యాండింగ్ షరతులు ఇక్కడ రోజువారీ పనిలో తగలవు. తర్వాత జెట్ సంస్థకు మారాలనుకునేవాళ్లు వీటిని సొంతంగా చదువుకుంటూ ఉండాలి.

డిస్పాచర్‌గా సొంతంగా పనిచేసే అనుమతి సంగతి ఆఫర్ లెటర్‌లో రాయరు, మనమే అడగాలి. ఐకావో అనెక్స్ 1 ప్రకారం డిస్పాచర్‌కు కనీసం 21 ఏళ్లు నిండాలి. దరఖాస్తుకు ముందరి ఆరు నెలల్లో కనీసం 90 పనిదినాలు అర్హుడైన డిస్పాచర్ పర్యవేక్షణలో పనిచేసి ఉండాలి. మన దేశంలో శిక్షణ, పరీక్ష, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి అన్నీ సంస్థ ద్వారా నడుస్తాయి. మనం సొంతంగా ఫీజు కట్టి జేబులో పెట్టుకుని తిరిగే కాగితం కాదది. అందుకని చేరిన ఎన్నాళ్లకు క్లాసులు మొదలవుతాయి, ఏ విమాన రకం మీద అనుమతి ఇప్పిస్తారు, ఇంతకు ముందు బ్యాచ్ చేరిన రోజు నుంచి అనుమతి వచ్చేదాకా ఎంత కాలం పట్టింది అన్న మూడు ప్రశ్నలూ హెచ్‌ఆర్‌ను కాదు, ఓసీసీ చూసే మేనేజర్‌నే అడిగాను. హెచ్‌ఆర్ చెప్పే జవాబు పుస్తకంలోది, ఓసీసీ వాళ్లది అనుభవంలోది. అనుమతి వచ్చేదాకా మనం ట్రైనీయే, స్టైపెండే. పరీక్ష తేదీ దొరక్క నెలలు జారితే ఆ నష్టం మనదే. ఇంకొకటి: పన్నెండు నెలలు డిస్పాచ్ పనికి దూరమైతే మళ్లీ అర్హత నిరూపించుకోవాలి. పన్నెండు నెలల్లో ఒకసారైనా కాక్‌పిట్‌లో కూర్చుని తన ప్రాంతం మీద ప్రయాణం చేసి ఉండాలి. ఆ జంప్ సీట్ ఏర్పాటు నిజంగా చేస్తారా, కాగితం మీదే ఉంటుందా అన్నది కూడా అడగండి. పైలట్ ఎప్పుడు ఏం పనిలో మునిగి ఉంటాడో చూడనివాడు తప్పు సమయంలో తప్పు సందేశం పంపుతాడు.

హైదరాబాద్‌లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ డిస్పాచర్ కోర్సు పేరుతో ప్రకటనలు కనిపిస్తాయి. ఆ సర్టిఫికెట్ మంచిదే. కనీసం 200 గంటల శిక్షణ, 80 ప్రశ్నల రాతపరీక్ష, 70 శాతం మార్కులు రావాలి, 21 ఏళ్లకు పరీక్ష రాయొచ్చు, సర్టిఫికెట్ చేతికి రావాలంటే 23 నిండాలి. అమెరికాలో పెద్ద సంస్థల విమానం కదలాలంటే పైలట్‌తో సమానంగా డిస్పాచర్ కూడా చట్టప్రకారం బాధ్యుడు. కాని ఆ సర్టిఫికెట్ వల్ల అక్కడ పనిచేసే వీసా రాదు, ఇక్కడ డీజీసీఏ అనుమతి దానంతట అదే రాదు. లక్షలు అప్పు చేసి కట్టే ముందు ఈ రెండూ గుర్తుంచుకోవాలి. నా మటుకు నేను ఆ పైసలు పెట్టలేదు.

ఇక బాండ్, అంటే ఇన్నేళ్లు పనిచేయకుండా పోతే ఇంత కడతానని రాసిచ్చే ఒప్పందం. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి, పుణె దిక్కు వలస పోయిన కుటుంబాలు పాలమూరులో ఊరూరా ఉన్నాయి, అందుకని బాండ్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లకు గుబులు పుడుతుంది. ఆ గుబులు న్యాయమైనదే గాని బాండ్ మొత్తం కన్నా దాని షరతులు ముఖ్యం. గడువు ఏ రోజు నుంచి లెక్కిస్తారు? చేరిన రోజు నుంచా, అనుమతి వచ్చిన రోజు నుంచా? రెండో రకమైతే ట్రైనీ కాలమంతా బాండ్ లెక్కలోకి రాదు. రెండేళ్ల బాండ్ మూడేళ్లవుతుంది. గడిచిన కాలం మేరకు మొత్తం తగ్గుతుందా, ఆఖరి నెలలో పోయినా పూర్తి మొత్తం కట్టాలా? పరీక్షలో మనం తప్పితే ఏమిటి? సంస్థే తీసేస్తే, లేదా విమానాలు ఆగిపోతే ఏమిటి? నాకు వచ్చిన ముసాయిదాలో ఈ చివరి ప్రశ్నకు జవాబే లేదు. 'సంస్థ కార్యకలాపాలు నిలిచినా, జీతం 45 రోజులు మించి ఆలస్యమైనా బాండ్ రద్దయినట్టే' అన్న వాక్యం చేర్చమని మెయిల్‌లో అడిగాను. మొదటి భాగం ఒప్పుకున్నారు. జీతం ఆలస్యం మాట 60 రోజులుగా మార్చి చేర్చారు. అడిగితే తీసేస్తారేమో అనే భయం అక్కర్లేదు. మర్యాదగా రాతపూర్వకంగా అడిగినవాడిని ఓసీసీ వాళ్లు గౌరవంగానే చూస్తారు, వాళ్ల పనే రాతపూర్వకమైనది.

చట్టం సంగతికి వస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద ఒప్పందం తప్పితే న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు. అట్లని బాండ్ చెల్లదనుకోవద్దు. విజయా బ్యాంక్ కేసులో మూడేళ్లు పనిచేయకుండా పోతే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. కట్టాల్సి వస్తుందనే అనుకుని సంతకం పెట్టాలి. అసలు సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి. తేదీ, మొత్తం రాయని చెక్కు మీద సంతకం అసలే వద్దు. అది బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 కింద క్రిమినల్ కేసు అవుతుంది, బాండ్ గొడవ కన్నా అది పెద్దది.

మా నాయన అడిగింది ఒక్కటే: "కంపెనీ మూతబడితే ఏం జేస్తవ్ బిడ్డా?" ఈ వ్యాపారంలో దీనికన్నా సూటి ప్రశ్న లేదు. విజయవాడ నుంచి నడిచిన ఎయిర్ కోస్టా 2017లో ఆగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. పెద్దవాటికే తప్పలేదు. చిన్న సంస్థకు ఇంకో బలహీనత ఉంది. నాలుగు విమానాలున్నచోట ఒకటి విడిభాగం కోసం నేల మీద నిలబడితే పావు షెడ్యూలు పోతుంది.

సంస్థ ఆరోగ్యం బయటి నుంచే కొంత తెలుసుకోవచ్చు, నేను చూసినవి ఇవి. ఈపీఎఫ్ఓ వెబ్‌సైటులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది. సంస్థ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఏ తేదీన కట్టారు, ఎంతమందికి కట్టారు అన్నది కనిపిస్తుంది. ప్రతి నెలా 15వ తేదీలోగా కట్టాలి. అది రెండు మూడు నెలలు జారుతున్నా, మనుషుల సంఖ్య నెలనెలా తగ్గుతున్నా జీతాలకు కటకట మొదలైందని అర్థం. చేరబోయేవాడికి దీనికి మించిన ఉచిత సాక్ష్యం దొరకదు. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీట్లు, తనఖా వివరాలు చూడొచ్చు. డీజీసీఏ నెలనెలా విడుదల చేసే దేశీయ రవాణా నివేదికలో సంస్థలవారీగా రద్దయిన విమానాల శాతం, దానికి కారణాలు, నిండిన సీట్ల శాతం ఉంటాయి. రద్దుల్లో 'సాంకేతికం' అన్న పద్దు పెరుగుతుంటే విడిభాగాలకు డబ్బు అందడం లేదని అనుమానించాలి.

ఉడాన్ మీద ఆధారపడిన సంస్థ అయితే ఇంకో లెక్క కూడా చూడాలి. ఆ రూట్లకు ప్రభుత్వం లోటు భర్తీ సొమ్మును మూడేళ్లే ఇస్తుంది. 2023లో వచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ) నివేదిక ప్రకారం మూడో విడత దాకా కేటాయించిన 774 రూట్లలో 371 మాత్రమే మొదలయ్యాయి. మూడేళ్లూ పూర్తిచేసినవి 112. ఆ తర్వాత కూడా నిలిచినవి 54. మనం చేరే సంస్థ రూట్లలో ఎన్ని ఈ సొమ్ము మీద నడుస్తున్నాయి, వాటి మూడేళ్లు ఎప్పుడు తీరతాయి అన్నది ఇంటర్వ్యూ ఆఖర్లో అడిగాను. చెప్పారు. సగానికి పైగా రూట్లు సొంత కాళ్ల మీదే ఉన్నాయి. మనం అడిగిన ప్రశ్నకు జవాబు దాటవేస్తే అది కూడా ఒక జవాబే అనుకోవాలి.

రోస్టరు లెక్క చాలామంది చూడరు. ఇంటికి దూరంగా పోయేవాడికి జీతం కన్నా ఇదే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. అక్కడ 12 గంటల షిఫ్టులు: రెండు పగళ్లు, రెండు రాత్రులు, నాలుగు సెలవులు. ఎనిమిది రోజుల చక్రం. ఒక డెస్క్ పగలూ రాత్రీ నడవాలంటే ఎనిమిది రోజులకు 16 షిఫ్టులు. మనిషికి నాలుగు చొప్పున నలుగురు కావాలి. ఇది సెలవులూ జ్వరాలూ శిక్షణలూ ఏవీ లేనట్టు వేసిన లెక్క. నిజానికి డెస్క్‌కు ఐదారుగురు ఉంటేనే ఆ నాలుగు సెలవులు సెలవుల్లా ఉంటాయి. కాబట్టి డెస్కులు ఎన్ని, అనుమతి ఉన్న డిస్పాచర్లు ఎందరు అని అడిగి భాగించండి. నాలుగే వస్తే మీ సెలవుల్లో సగం 'కాస్త రాగలవా' అన్న ఫోన్లకే పోతాయి. అమెరికాలో డిస్పాచర్‌ను వరసగా 10 గంటలకు మించి షెడ్యూలు చేయకూడదన్న నిబంధన ఉంది. 12 గంటల రాత్రి షిఫ్టు చివరి రెండు గంటల్లోనే, అంటే తెల్లవారి మొదటి విమానాల ప్లాన్లు తీసే వేళకే, మనిషి బాగా అలసి ఉంటాడు. అక్కడ ఒకరి లెక్క ఇంకొకరు సరిచూసే పద్ధతి ఉందో లేదో చూశాను. ఉంది.

ఆ నాలుగు సెలవుల్లో ఇంటికి ఎన్ని దక్కుతాయంటే రెండు. రెండో రాత్రి షిఫ్టు పొద్దున ఏడింటికి ముగుస్తుంది. అదే మొదటి సెలవు దినం. కాసేపు పడుకుని, మధ్యాహ్నం యశ్వంతపూర్ నుంచి కాచిగూడ వందే భారత్ ఎక్కితే రాత్రికి మహబూబ్‌నగర్‌లో దిగొచ్చు. రెండు రోజులు పూర్తిగా ఇంట్లో. నాలుగో రోజు పొద్దున అదే రైలు మహబూబ్‌నగర్‌లో ఎక్కితే మధ్యాహ్నానికి యశ్వంతపూర్. మరుసటి పొద్దున పగటి షిఫ్టు. ఆ రైలు వారంలో ఒకరోజు నడవదు, మన చక్రం ఎనిమిది రోజులది కాబట్టి అప్పుడప్పుడు ఆ రోజు మన ప్రయాణం మీదే పడుతుంది. అప్పుడు రాత్రి రైలో బస్సో. బస్సుకు ఒక సౌకర్యం ఉంది. బెంగళూరు ఎయిర్‌పోర్టు దేవనహళ్లి దగ్గర, మన 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే. జడ్చర్ల నుంచి అక్కడికి దాదాపు 450 కిలోమీటర్లు. నగరంలోకి పోకుండానే దిగిపోవచ్చు. రాత్రి షిఫ్టు దిగి సొంత బండి నడుపుకుంటూ మాత్రం రావొద్దు. నిద్రలేమితో కర్నూలు దాకా కూడా క్షేమంగా రాలేము.

పండుగల మీద ఆశ పెట్టుకోకూడదు. దసరా, దీపావళి, సంక్రాంతి అంటే విమానాలకు రద్దీ కాలం. అక్టోబరు ఆఖరి ఆదివారం శీతాకాలపు షెడ్యూలు మొదలవుతుంది. కురుమూర్తి జాతర సరిగ్గా ఆ హడావుడిలోనే వస్తుంది. ఆ నెలల్లో సెలవు పెట్టడానికి వీల్లేదని ముందే చెప్పారు. ఇంట్లో వాళ్లకు ఇది ముందే చెప్పి ఒప్పించుకోవాలి. బతుకమ్మకు రాలేనని ఆ పొద్దున ఫోన్ చేయడం సరికాదు.

డబ్బు చివరికి పెట్టాను, ఎందుకంటే పైవన్నీ బాగుంటేనే దాని లెక్క అవసరం. ఉదాహరణకు సీటీసీ (మన మీద సంస్థ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 4,80,000 అంటే నెలకు 40,000 కాదు. బేసిక్ 20,000 అయితే సంస్థ వాటా పీఎఫ్ 2,400, గ్రాట్యుటీ 962 అందులోవే. మన వాటా పీఎఫ్ 2,400, వృత్తి పన్ను 200 పోతే చేతికి 34,000. అందులో పది శాతం ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ అయితే నెలకు 30,000 మిగులుతాయి. అనుమతి వచ్చేదాకా ఇది కూడా ఉండదు, స్టైపెండే. బెంగళూరులో ఇంటి అడ్వాన్సు ఐదారు నెలల కిరాయి అడుగుతారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెలది పట్టుకుంటారు. ఆఫీసు ఎయిర్‌పోర్టు వైపు ఉంటే దేవనహళ్లి, యలహంక చూసుకోవాలి. నగరం మధ్యలో చౌక గది దొరికిందని తీసుకుంటే రోజూ 35 కిలోమీటర్ల ట్రాఫిక్ మీద పడుతుంది. రాత్రి షిఫ్టుకు క్యాబ్ ఇస్తారా, ఎన్ని కిలోమీటర్ల లోపల ఉంటే ఇస్తారు అన్నది గది వెతకడానికి ముందే తెలుసుకోవాలి. మకాం ఖర్చు కింద సంస్థ ఏమిచ్చినా, ఏడాదిలోపు పోతే తిరిగి కట్టాలన్న షరతు ఎక్కడో ఉంటుంది, వెతికి చదవండి. వీటన్నిటి మీద ఆరు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా పెట్టాకే పోవాలని నిర్ణయించుకున్నాను. కంపెనీ ఆగితే ఇంకో ఓసీసీ తలుపు తట్టడానికి ఆ ఆరు నెలలు చాలు.

పాత పని, రీజినల్ డెస్క్, ఏదో ఒకరోజు గురుగ్రామ్ పిలుస్తుందన్న ఆశ, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు రెండోదే సరైనదిగా తోచింది. లోడ్ కంట్రోల్‌లో ఇంకో రెండేళ్లున్నా నేర్చుకునేది పెద్దగా ఉండదు, పెద్ద ఓసీసీలు డిస్పాచ్ అనుభవం ఉన్నవాళ్లనే ముందు పిలుస్తాయి. పెళ్లయి పిల్లలు బడికి పోతున్నవాళ్లకు, ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లున్నవాళ్లకు ఈ లెక్క వేరుగా తేలొచ్చు. ఎనిమిది రోజులకు రెండు రోజులు ఇంట్లో ఉంటే చాలు అనుకోగలిగితేనే ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నాక రాజీనామా ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా చూసుకోవాల్సిందే. సవరించిన బాండ్ ముసాయిదా, సంతకం పెట్టిన అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి వచ్చాకే ఇక్కడ రాజీనామా ఇచ్చాను. ఆఫర్ మెయిల్ ఒక్కదాన్ని నమ్మి నోటీసు ఇవ్వకూడదు. పీఎఫ్ విత్‌డ్రా చేయకుండా అదే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) కొత్త సంస్థకు ఇచ్చాను, దాంతో సర్వీసు తెగకుండా సాగుతుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఎంట్రీ పాస్‌ను ఆఖరి రోజున అప్పగించి రసీదు తీసుకోవాలి. పాత పాస్ అప్పగించినట్టు కాగితం లేకపోతే కొత్త ఎయిర్‌పోర్టులో పాస్ దరఖాస్తు ఆగుతుంది. నేపథ్య పరిశీలన కోసం పోలీసు వెరిఫికేషన్ సొంత ఊరి ఠాణాకు కూడా వస్తుంది, కాబట్టి ఆధార్‌లో జడ్చర్ల చిరునామా ఉండగా బెంగళూరు కిరాయి ఇంటికి మార్చుకోవడానికి తొందరపడొద్దు. రిలీవింగ్ లెటర్, అనుభవ ధృవపత్రం, లోడ్ అండ్ ట్రిమ్ శిక్షణ సర్టిఫికెట్లు, డేంజరస్ గూడ్స్ సర్టిఫికెట్ గడువు తేదీ కనిపించేలా రెండేసి జిరాక్సులు తీసి పెట్టుకున్నాను. డేంజరస్ గూడ్స్ శిక్షణ చెల్లుబాటు 24 నెలలే, చేరే రోజుకు అది తీరిపోయి ఉంటే మళ్లీ ఆ క్లాసులో కూర్చోవాలి.